పక్కింటి ఆంగన్ మీదికి తెరుచుకున్న కిటికీ

ఈజిప్టులో ఫుస్తాత్ అనే ఊరు అప్పుడప్పుడే పుడుతోంది. క్రీ.శ. 641 తర్వాతి మాట ఇది. అరబ్బు ఫౌజు గుడారాలు తీసేసి ఒక్కొక్కరుగా ఇళ్ళు కట్టుకుంటున్నారు. అన్నీ నేలమీది ఇళ్ళే. అలాంటి చోట ఖారిజా బిన్ హుజాఫా అనే పెద్దమనిషి తన ఇంటి మీద ఒక మేడగది వేశారు. ఆ ఊళ్ళో మొదటి మేడగది అదేనని తొమ్మిదో శతాబ్దపు చరిత్రకారుడు ఇబ్న్ అబ్దుల్ హకమ్ రాసిపెట్టాడు. మేడగది అన్నాక దానికి కిటికీ ఉంటుంది. కిటికీ అన్నాక దాని కింద పక్కవాళ్ళ ఆంగన్ ఉంటుంది. ఖబర్ మదీనాకు చేరింది. ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) ఈజిప్టు గవర్నర్ అమ్ర్ బిన్ ఆస్‌కు ఖత్ రాశారు.

ఆ ఖత్‌లో ఏముందన్న దాని మీద రెండు రివాయత్‌లు ఉన్నాయి. ఒకదాని ప్రకారం, పక్కవాళ్ళ పర్దా మీద నజర్ వేసేందుకే ఆ గది కట్టారు కాబట్టి కూల్చేయమని హుకుం. రెండోది నాకు ఎక్కువ ఇష్టం. ఆ గదిలోకి వెళ్ళి ఒక మంచం వేయించు, మరీ పొడుగూ మరీ పొట్టీ కాని మనిషిని దాని మీద నిలబెట్టు, కిటికీలోంచి అవతలికి చూడగలిగాడా, గది కూల్చేయి, చూడలేకపోయాడా, వదిలేయి అని. అమ్ర్ అలాగే చేయించారు. మనిషి కళ్ళకు కిటికీ అందలేదు. గది నిలిచింది.

ఇందులో నన్ను ఆపేది ఆ మంచం. నేల మీద నిలబెట్టి కొలవమని చెప్పలేదు చూడండి. పడగ్గదిలో మంచం ఉంటుంది, మంచం ఎక్కి నిలబడే పిల్లలుంటారు, దుప్పటి దులిపే అమ్మలుంటారు. ఖాళీ గదిలో కిటికీ ఎత్తు ఒకటి, సామాను చేరాక ఎత్తు మరొకటి. ఈ సంగతి దాదాపు పద్నాలుగు వందల ఏళ్ళ కిందటే ఒక ఖత్‌లోకి ఎక్కింది. ఇవాళ ఫ్లాట్లు అమ్మే బిల్డర్ చూపించే నక్షాలో మంచం గీసి ఉంటుంది, కిటికీ కూడా గీసి ఉంటుంది. ఆ రెంటి మధ్య, అవతలి ఇంటి వంటగది మాత్రం కనపడదు.

పడగ్గది కిటికీకి ఏం వేలాడదీయాలి అన్నది బజారుకు వెళ్ళి బట్ట ఎంచుకునే ముచ్చటలా కనిపిస్తుంది. తవారీఖ్ తిరగేస్తే అది బట్ట గురించి కాదు, బాధ్యత గురించి నడిచిన బహస్ అని తెలుస్తుంది. కిటికీ తెరిచినవాడు కప్పాలా, ఆ కిటికీకి ఎదురుగా బతుకుతున్నవాళ్ళు తమను తాము కప్పుకోవాలా? మన దగ్గర చాలామందికి రెండోదే సహజమనిపిస్తుంది. పర్దా అనగానే చూడబడే మనిషి మీదే భారం వేసేయడం అలవాటైపోయింది. పాత కానూను మటుకు ఉల్టా ఉంది.

సహల్ బిన్ సఅద్ (రజి) చెప్పిన ఒక హదీసు ఉంది. ప్రవక్త (స) ఇంటి సందులోంచి ఒకడు లోపలికి తొంగి చూశాడు. ఆయన చేతిలో తల దువ్వుకునే దువ్వెన ఉంది. నువ్వు చూస్తున్నావని ముందే తెలిస్తే దీంతో కన్ను పొడిచేవాణ్ణి అన్నారు, లోపలికి రావడానికి ఇజాజత్ అడగమన్నదే ఈ చూపు కోసం అని కూడా అన్నారు. అక్కడ తప్పు సందున్న ఇంటిది కాదు, తొంగిన కన్నుది. సూరె నూర్‌లో కూడా చూపు దించుకోమన్న మాట ముందు మగవాళ్ళకే వస్తుంది, 30వ ఆయత్‌లో. ఆడవాళ్ళ సంగతి 31లో. మన వాజులు ఎక్కువగా 31తోనే మొదలవుతాయి, ఎందుకో మరి.

తెర గుడ్డ డిజైను మీద గొడవ కూడా ఆ ఇంట్లోనే జరిగింది. హజ్రత్ ఆయిషా (రజి) గూటికి బొమ్మలున్న రంగుల తెర వేశారు. దాన్ని ఖిరామ్ అంటారు, పల్చని ఉన్ని గుడ్డ. ప్రవక్త (స)కు అది నచ్చలేదు. ఆమె దాన్ని చింపి ఒకటో రెండో దిండ్లు కుట్టారు. పారేయలేదు, చూడండి. ఇల్లు నడిపే మనిషి లెక్క అది.

తర్వాతి శతాబ్దాల్లో ఇది ఫిఖహ్ మసలాగా పెరిగింది. ఇమామ్ అబూ హనీఫా మాటను కచ్చితంగా పట్టుకుంటే ఎవరి మిల్కియత్‌లో వాళ్ళు ఏమైనా చేసుకోవచ్చు. కిటికీ నా గోడకు ఉంది, నా ఇష్టం. తర్వాతి హనఫీ ఉలమా అది అలా వదిలేస్తే ఊళ్ళు నడవవని గ్రహించారు. నీ సొత్తు నీదే, కానీ హమ్‌సాయాకు పెద్ద జరర్ జరిగితే ఆపొచ్చు అన్నారు. హమ్‌సాయా అనే మాట ఎంత బాగుంటుందో గమనించారా? ఫారసీలో ఒకే నీడ కింద ఉన్నవాడు అని. తెలుగులో ఇరుగుపొరుగు అంటాం. ఉర్దూలో నీడను పంచుకోవడం ఉంది. నా ఇంటి నీడ నీ ఆంగన్‌లో పడుతుంది, నీ ఇంటి నీడ నా దాలాన్‌లో పడుతుంది. కాబట్టి లెక్కలు ఇద్దరివీ.

మాలికీల దగ్గర, ట్యూనిస్‌లో, పద్నాలుగో శతాబ్దంలో ఇబ్న్ అర్రామీ అనే ఆయన ఉన్నాడు. ఆయన వృత్తికి మేస్త్రీ. ఖాజీ పంపిస్తే గోడలు, కిటికీలు, నాలీలు చూసొచ్చి నివేదిక చెప్పే మనిషి. కట్టడాల హుకుముల మీద ఒక కితాబ్ రాశాడు. అందులో పక్కింటి మీదికి తెరుచుకునే కిటికీలకూ తలుపులకూ పెద్ద చోటే ఉంది. ఒక మేస్త్రీ కానూను కితాబ్ రాయడం నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది. కిటికీ ఎక్కడ పెట్టాలో ఖాజీకన్నా తాపీ పట్టినవాడికే ఎక్కువ తెలుసు.

ఈ మొత్తం బహస్‌ను అంకెలు వేసి దఫాలుగా రాసింది ఉస్మానీ సల్తనత్. అహ్మద్ జౌదత్ పాషా చేతుల మీదుగా 1869 నుంచి 1876 మధ్య తయారైన మజల్లా అనే కానూను అది. మొత్తం 1851 దఫాలు. వాటిలో 1201 నుంచి 1205 వరకు చదువుతుంటే ఎవరో మన బస్తీలో తిరిగి రాసినట్టు ఉంటుంది.

1202వ దఫా ప్రకారం ఆడవాళ్ళు మసలే చోటు, అంటే వంటగది, బావి గట్టు, ఇంటి ఆంగన్ కనిపించడం పెద్ద జరర్. కొత్త కిటికీలోంచి అవి కనిపిస్తుంటే ఆ కిటికీవాడే గోడో, చెక్క పర్దానో పెట్టి చూపును ఆపాలి. అయితే కిటికీని పూర్తిగా మూసేయమని మాత్రం బలవంతం చేయకూడదు. ముళ్ళకంప కంచె సందుల్లోంచి కనిపిస్తుంటే సందులు పూడ్చమనాలి గానీ కంచె పీకి గోడ కట్టమనకూడదు. 1203వ దఫా ఫుస్తాత్ మంచాన్ని గుర్తు చేస్తుంది. కిటికీ నిలబడ్డ మనిషి ఎత్తుకన్నా పైన ఉంటే పక్కవాడు మూయించలేడు. నిచ్చెన వేసుకుని చూస్తాడేమో అన్న శక్ చెల్లదు. 1205 మరీ ముచ్చటైనది. ఒకడి తోటలో పళ్ళచెట్టు ఉంది, చెట్టెక్కితే పక్కింటి ఆడవాళ్ళు కనిపిస్తారు. అతను ఎక్కే ప్రతిసారీ ముందు కేకేసి చెప్పాలి. చెప్పకుండా ఎక్కితే ఖాజీ ఎక్కొద్దంటాడు.

ఇక 1201. పక్కవాడి కట్టడం వల్ల గాలి తగ్గింది, ఎండ తగ్గింది, బయటి నజారా పోయింది అంటే అది పెద్ద జరర్ కాదట. వెలుగు అసలు లేకుండా పోతేనే లెక్క. వెలుగు పోయిందని ఎలా తేల్చాలి? ఒకే కిటికీ ఉన్న గదిలో రాత చదవలేనంత చీకటి పడితే. తలుపు తీసుకుంటే వెలుగొస్తుంది కదా అని పక్కవాడు అనకూడదు, చలికాలంలో తలుపు మూయాల్సి వస్తుంది కాబట్టి. సుభానల్లా! ఈ దఫాలు రాసినవాళ్ళు అలాంటి గదుల్లో బతికినవాళ్ళే అయ్యుండాలి.

చూపుకు కొలత మనిషి ఎత్తు, వెలుగుకు కొలత చదువుకోగలగడం. ఈ రెంటినీ గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తాయి.

కానూను ఇలా చెబుతుంటే కారీగర్లు దానికి చేతులతో జవాబులు వెతికారు. ఖాహిరా ఇళ్ళకు మష్రబియ్యా అనే చెక్క జాలీలు వచ్చాయి. వీధి మీదికి పొడుచుకు వచ్చిన గూడులాంటి కిటికీ అది, చిన్న చిన్న కడ్డీలను తరిణె పట్టి, ఒకదాంట్లో ఒకటి దూర్చి అల్లినది. దాహం తీర్చే షరబ్ అనే మాట నుంచే ఆ పేరు వచ్చిందంటారు, మట్టి కూజాలు అక్కడ పెడితే గాలికి నీళ్ళు చల్లబడేవి. ఇరవయ్యో శతాబ్దపు ఈజిప్టు ఆర్కిటెక్ట్ హసన్ ఫతహీ దీని హిక్మత్‌ను వివరంగా రాశారు. కంటి ఎత్తులో కడ్డీలు దగ్గర దగ్గరగా ఉంటాయి, ఎండ కళ్ళల్లో పొడవదు, బయటివాడికి లోపల కనపడదు. అలా దగ్గరగా అల్లితే గాలి తగ్గుతుంది కదా, అందుకని పై భాగంలో సందులు వెడల్పు చేస్తారు. పైనుంచి గాలీ వెలుగూ, కింద నుంచి ఆడ్. మళ్ళీ అదే మనిషి ఎత్తు లెక్క. 1648 నాటి బైతుస్సుహైమీ అనే ఇల్లు ఇప్పటికీ ఖాహిరాలో ఉంది, వెళ్ళినవాళ్ళు చూడొచ్చు.

యూరోపువాళ్ళు ఇలాంటివాటికి పెట్టుకున్న పేర్లు వింటే నవ్వొస్తుంది. ఫ్రెంచిలో అడ్డపలకల కిటికీ రెక్కను పెర్సియన్ అంటారు, ఇరాన్ పేరు మీద. ఇంకో రకాన్ని జలూసీ అంటారు. ఆ మాటకు అర్థం జలన్, అసూయ! లోపలివాళ్ళను ఎవరూ చూడకూడదనుకునే మగవాడి అసూయ. కిటికీ కప్పు మీద మగవాడి పేరే రాసి పెట్టారన్నమాట. మన ముల్క్‌లో అదే పలకల రెక్కకు ఝిల్మిలీ అని పేరు, వెలుగు మిలమిల మెరుస్తుందని. నాకైతే ఈ పేరే నచ్చుతుంది.

దక్కన్‌లో, గరీబు ఇంటికీ దేవడీకీ ఇద్దరికీ దొరికింది చిల్మన్. చిక్ అని కూడా అంటాం. ఆ మాట తుర్కీ నుంచి వచ్చింది. వెదురు బద్దలను సన్నగా చీల్చి నూలుతాడుతో అల్లి, పైనుంచి చుట్టలా వేలాడదీస్తారు. మన ఊళ్ళలో మేదరివాళ్ళ చేతి పని ఇది. తడికలు, బుట్టలు, చాటలు అల్లే అవే చేతులు. నవాబు జనానాకు ఆడ్‌గా నిలిచింది మేదరి కులం వెదురు పని అన్నది మన తహజీబ్ గురించి రాసే పుస్తకాల్లో అంతగా కనపడదు.

చిల్మన్ గుట్టంతా వెలుగులో ఉంది. ఏ వైపు ఎక్కువ వెలుగుంటే ఆ వైపే కనిపిస్తుంది. పగలు బయట ఎండ, లోపల మసక. లోపల కూర్చున్నవాళ్ళకు వీధంతా కనిపిస్తుంది, వీధిలోవాడికి బద్దలు తప్ప ఏమీ కనపడదు. బయటివైపు రంగు వేస్తే ఇంకా మేలు, ఆ రంగు మీద పడ్డ ఎండ చూసేవాడి కంటికే తిరిగి కొడుతుంది. కానీ మగ్రిబ్ దాటి లోపల చిరాగ్ వెలిగించారో, ఆట మొత్తం ఉల్టా. వీధి చీకటి, గది వెలుగు. చిల్మన్ సినిమా తెర అయిపోతుంది. అందుకే పాత ఇళ్ళలో చిల్మన్ ఒక్కటే ఉండేది కాదు, దాని వెనక దళసరి గుడ్డ పర్దా ఉండేది, దీపాల వేళకు దించడానికి. ఇప్పుడు అద్దాలకు అతికించే అద్దం లాంటి ఫిల్మ్ కొనుక్కుని, ఇక బేఫికర్ అనుకుంటున్నవాళ్ళు ఒకసారి రాత్రి లైటు వేసి, కిందికి దిగి తమ కిటికీ వైపు చూసుకోవాలి. ఆ ఫిల్మ్‌కూ చిల్మన్‌కూ సూత్రం ఒకటే.

గాలి సంగతికొస్తే వట్టివేళ్ళ తడికలు. ఖస్ కీ టట్టీ. వెదురు చట్రంలో వట్టివేళ్ళు కూరి, నీళ్ళు చల్లి ఎండాకాలం కిటికీలకూ తలుపులకూ నిలబెట్టేవారు. అబుల్ ఫజల్ ఆయీనె అక్బరీలో ఈ ఏర్పాటు అక్బర్ బాదుషా వల్లనే వాడుకలోకి వచ్చిందని, మండుటెండలో చలికాలం దిగినట్టు ఉంటుందని రాశాడు. బాదుషా కొలువులో ఉన్నవాడు కనిపెట్టిన ఘనత బాదుషాకే ఇస్తాడు, దాన్ని కొంచెం తగ్గించుకుని చదవాలి. మనకు వట్టివేరు కొత్తేమీ కాదు. కానీ కిటికీ కప్పే పర్దా ఒకే దెబ్బకు ఎండనూ, చూపునూ ఆపి చల్లదనం ఇవ్వడం, ఏసీ రాక ముందు అంతకన్నా గొప్ప సాధనం లేదు.

జైపూర్ హవా మహల్ గురించి అందరికీ తెలుసు, 1799, సవాయీ ప్రతాప్ సింగ్, 953 కిటికీలు. అది రాజపుత్రులది. పర్దా మనదే, ముస్లింలదే అనుకునేవాళ్ళకు అది చాలు. తెలుగు నేల మీద కూడా జమీందారీ రాణివాసాలకు ఘోషా ఉండేది. ఘోషా అనే తెలుగు మాట ఫారసీ గోషా నుంచి వచ్చింది, గోషా అంటే మూల. విశాఖపట్నంలో విక్టోరియా ఆసుపత్రిని జనం ఇప్పటికీ ఘోషాసుపత్రి అనే పిలుస్తారు. మూలన ఉండేవాళ్ళ ఆసుపత్రి.

ఆ మూలకు గాలి ఎంత వచ్చేది? ఈ ప్రశ్నను దాటేయడం బేఇమానీ అవుతుంది. చిల్మన్ అందాన్ని పొగిడే షాయరీ మన దగ్గర బోలెడుంది. చిల్మన్ వెనక ఉన్నవాళ్ళు రాసింది తక్కువ. బెంగాల్‌లో రొకేయా సఖావత్ హుసేన్ 1931లో అవరోధబాసిని అనే కితాబ్ వేశారు. పర్దా పేరు మీద ఆడవాళ్ళు పడ్డ ముసీబత్‌లు 47, ఒక్కొక్కటి ఒక చిన్న వాకియా. కొన్ని చదివితే నవ్వు, వెంటనే గొంతులో ముద్ద. జాలీ, చిల్మన్, రోషన్‌దాన్ అన్నీ తెలివైన సాధనాలే, కానీ అవి ఉన్న ఇల్లు కావాలి కదా. లేనివాళ్ళ ఇంట్లో కిటికీకి ఉన్న ఏకైక ఏర్పాటు మేకు కొట్టి మూసేయడమే. మజల్లా వద్దన్నది సరిగ్గా అదే.

ఇక గుడ్డ పర్దాల ముచ్చట కొంచెం పక్కదారి, అయినా మచిలీపట్నం పేరు రాకుండా కిటికీ తెరల చరిత్ర ఎలా ముగుస్తుంది? మన కోరమాండల్ తీరపు కలంకారీ, అద్దకం గుడ్డలు యూరోపు పడగ్గదుల్ని ముంచెత్తాయి. పలంగ్‌పోష్ అనే మాట, మంచం కప్పు అని, వాళ్ళ నోట్లో పాలంపోర్ అయింది. మంచం చుట్టూ తెరలు, గోడ గుడ్డలు, కుర్చీ తొడుగులు అన్నీ మన ఛీంట్ గుడ్డే. రంగు పోదు, ఉతికితే ఇంకా మెరుస్తుంది, వాళ్ళ ఉన్ని తెరల్లా పురుగు పట్టదు. అక్కడి నేతగాళ్ళ పొట్ట కొట్టింది. ఫ్రాన్సు 1686లో నిషేధించి 1759 దాకా ఎత్తలేదు. ఇంగ్లండు 1700లో ఒక చట్టం, 1721లో మరింత కఠినమైంది తెచ్చింది. రెండోదాని ప్రకారం అచ్చు వేసిన నూలు గుడ్డ ఒంటి మీదే కాదు, ఇంటి సామాను మీదా ఉండకూడదు. 1774లో ఎత్తేశారు. అప్పటికి వాళ్ళు తామే అచ్చు వేయడం నేర్చుకున్నారు. పడగ్గది తెర మీద హుకూమత్ చట్టం చేసిన సందర్భం అది. హయా కోసం కాదు, వ్యాపారం కోసం.

అసలు మసలాకి వద్దాం. ఇంగ్లీషువాళ్ళు వచ్చాక కిటికీ కానూను ఏమైంది?

ఇంగ్లీషు కామన్ లాలో ఇల్లు కోట అంటారు గానీ, పక్కవాడి కిటికీ నుంచి వచ్చే చూపుకు దాంట్లో దవా లేదు. 1811లోనే ఒక జడ్జి చెప్పేశాడు, పక్కవాడు కిటికీ తెరిచి నీ ఏకాంతం చెడగొట్టాడని దావా నిలబడదు, కావాలంటే నీ స్థలంలో దానికి ఎదురుగా నువ్వే గోడ కట్టుకో అని. ఫుస్తాత్ ఖత్‌కు ఇది పూర్తిగా ఉల్టా. కప్పే ఖర్చు చూడబడేవాడి జేబులోంచి.

ఈ ఆలోచన హిందూస్తాన్ అదాలతుల్లోకి వచ్చినప్పుడు ముల్క్ రెండుగా చీలింది. గుజరాత్ రివాజును 1860ల్లోనే బొంబాయి హైకోర్టు ఒప్పుకుంది, అక్కడ కొత్త కిటికీ పక్కింటి జనానా మీదికి తెరవకూడదు. 1888లో అలహాబాద్ హైకోర్టులో చీఫ్ జస్టిస్ ఎడ్జ్ ఇంకా స్పష్టంగా చెప్పాడు. ఇరుపక్షాలూ హిందువులే. పక్కవాడు కట్టిన కొత్త ఇంటి వరండా, తలుపులు తమ ఇంటి ఆడవాళ్ళుండే భాగం మీదికి తెరుచుకున్నాయని దావా. ఈ ఇలాఖాలో ఏకాంతం అన్నది రివాజుగా వచ్చిన హక్ అని, దాన్ని భంగపరిస్తే అదాలత్ ఆపుతుందని తీర్పు.

మద్రాసు హైకోర్టు ఏమంది? 1860ల్లో ఒకసారి, 1890ల్లో మరోసారి, కిటికీ తెరిచి పక్కింటి ఏకాంతం చెడగొట్టడం దావాకు తగిన నేరం కాదనే అంది. రెండోసారి ఇరుపక్షాలూ ముస్లింలే, అయినా అదే మాట. మద్రాసు అంటే మన సర్కారు జిల్లాలు, కడప, కర్నూలు, అనంతపురం, అన్నీ దాని కిందే. ఘోషా పాటించే రాణివాసాలూ, ముస్లిం మొహల్లాలూ, బావి గట్టు దగ్గర స్నానం చేసే మామూలు ఇళ్ళూ అన్నీ ఉన్న నేల. రివాజు లేదని ఎలా అన్నారో! అదాలత్‌కు వచ్చి రివాజును సాబిత్ చేసేంత డబ్బు, ఓపిక ఎవరికుంటుంది, పైగా గోషాలో ఉన్న మనిషి గవాహీ ఎలా ఇస్తుంది అన్నది ఎవరూ అడిగినట్టు లేదు.

ఇందులో ఒక తమాషా. 1882లో వచ్చిన ఈజ్‌మెంట్స్ చట్టం 18వ సెక్షన్ కింద ఒక ఉదాహరణ ఉంది. ఒక పట్నంలో పక్కవాడి ఏకాంతాన్ని గట్టిగా చెడగొట్టే కొత్త కిటికీ తెరవకూడదన్న రివాజు ఉంటే, అలాంటి పట్నంలో ఇల్లు కట్టుకున్నవాడికి ఆ రక్షణ హక్‌గా దక్కుతుందని. ఈ చట్టం మొదట అమల్లోకి వచ్చిన చోట్లలో మద్రాసు ఒకటి. అలహాబాద్ ఉన్న ఇలాఖాకు అది 1891లో గానీ చేరలేదు. అంటే చట్టం ఉన్నచోట హక్ దొరకలేదు, చట్టం ఇంకా రానిచోట దొరికింది. 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీలతో ఏకాంతం బునియాదీ హక్ అని తేల్చింది, మంచిదే, కానీ అది ముఖ్యంగా హుకూమత్‌కూ మనిషికీ మధ్య మాట. మూడడుగుల దూరంలో ఉన్న ఎదురు ఫ్లాట్ కిటికీ గురించి ఇంకా ఆ పాత 18వ సెక్షనే, అదీ రివాజును సాబిత్ చేసుకుంటేనే.

హైదరాబాద్ పాత మొహల్లాల్లో ఇల్లు సెహన్ చుట్టూ తిరిగేది. గదుల కిటికీలన్నీ లోపలికే, వీధికి గోడ, గోడకు పైన రోషన్‌దాన్. 1908 మూసీ వరద, ఆ తర్వాత తావూన్ వచ్చాక 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టి ఇరుకు బస్తీల్ని తెరిపించే పని మొదలుపెట్టారు. గాలీ వెలుగూ రావాలన్నది సరైన మాట. కానీ సెహన్ పోయి, వీధి వైపు కిటికీ వచ్చాక, ఇల్లు లోపలికి కాక బయటికి చూడడం మొదలుపెట్టింది. అపార్ట్‌మెంట్లు వచ్చాక బయట అన్నది పక్క అపార్ట్‌మెంటే అయింది. బిల్డర్ రెండు బ్లాకుల మధ్య సందు వదులుతాడు, రెండు వైపులా పడగ్గది కిటికీలు సరిగ్గా ఎదురెదురుగా పెడతాడు. ఒక వైపు కొంచెం జరిపితే ఖర్చేమీ పెరగదు. ఫలితం మనకు తెలుసు. పగలంతా ట్యూబులైటు, కిటికీ బంద్, గోడకు చెమ్మ. మూసేది ఎప్పుడూ ఆడవాళ్ళే.

అలాంటి కిటికీ ఉన్నవాళ్ళు ఏం చేయాలి? ముందు ఎవరి కిటికీ తర్వాత వచ్చిందో చూడండి. తర్వాత తెరిచింది మనమైతే కప్పాల్సింది మనం. అది హుస్నె సులూక్ మాత్రమే కాదు, వెయ్యేళ్ళకు పైబడిన కానూను. ఎదుటివాళ్ళదైతే ఇల్లు కట్టేటప్పుడే, ప్లాస్టర్ కాకముందే మాట్లాడాలి. ఆ దశలో మేస్త్రీతో చెప్పి కిటికీ గట్టు రెండడుగులు పైకి లేపించడం చిన్న పని, తర్వాత ఝగడా అవుతుంది.

కట్టేసిన కిటికీ అయితే దాన్ని రెండు ముక్కలుగా చూడండి. కింది భాగం చూపుది, పై భాగం గాలిది, వెలుగుది. మంచం మీద నిలబడ్డ మనిషి కళ్ళ ఎత్తు దాకా అద్దానికి మసక ఫిల్మ్ వేయించండి, పాలరంగుది, మెరిసేది కాదు. అది పగలూ రాత్రీ ఒకేలా పనిచేస్తుంది. పై భాగం వదిలేయండి, అక్కడ ఎవరి కన్నూ అందదు. పడమటి ఎండ కొట్టే గది అయితే చిక్ అద్దానికి బయటివైపు వేలాడాలి. లోపల వేసిన ఎంత దళసరి పర్దా అయినా, అద్దం దాటి వచ్చిన వేడి గదిలోనే ఉండిపోతుంది. కిటికీ మంచం తలవైపు ఉండి, పక్కన గోడ తగిలి పర్దా జరపడానికి చోటు లేకపోతే రెండు రెక్కల పర్దా పెట్టకండి, సగం కిటికీ దానికే పోతుంది. చౌకట్టు లోపలే పట్టే చుట్ట చిక్కో, అడ్డంగా స్ప్రింగ్ కడ్డీ వేసి కింది సగానికి మాత్రమే నూలు గుడ్డో చాలు. పెడన అద్దకం గుడ్డ అయితే మరీ మంచిది, ఎండకు తట్టుకుంటుంది, ఉతుక్కోవచ్చు. రాత్రికి దాని వెనక ఒక దళసరి పొర.

అన్నీ పెట్టాక మధ్యాహ్నం పూట లైటు ఆర్పేసి, ఒక కితాబ్ తీసుకుని ఆ మంచం మీద కూర్చోండి. అక్షరాలు కనపడకపోతే కింది గుడ్డను నాలుగు వేళ్ళు దించి కడ్డీ మళ్ళీ బిగించండి.